యూమా చెరసాల

అమెరికా పశ్చిమభాగమున, ఆరిజోనా రాష్ట్రములో, కొలరాడో నది యొడ్డున యూమా యను ఊరు కలదు. అచ్చటి గుట్టమీది పాత చెరసాలను చూచుటకు యాత్రికులు దూరమునుండి వచ్చుచుందురు. ఆ చెరసాల మాట రాగానే కథకులు తలచునది పెర్ల్ హార్టును. ఆమె 1899లో పురుషవేషము దాల్చి ప్రయాణికుల గుఱ్ఱపుబండిని దోచి, ఐదేండ్ల శిక్షపడి యిచ్చట చేరి, 1902లో విడుదల పొందినది. దోపిడికి కీర్తియు, తక్కిన చెరకు మఱపునా? ఇదెక్కడి న్యాయమని మేమడుగుచున్నాము.

1876 జూలై 1వ తేదీన ఇచ్చటకు మొదట తేబడిన యేడుగురును తాము కట్టిన కొట్లలోనే బంధింపబడిరి. ఎవరు త్రవ్విన గోతిలో వారే పడుదురను సామెత కుత్సితులనుగూర్చి పుట్టినది. ఇచ్చట ప్రభుత్వమే పలుగు చేతికిచ్చి త్రవ్వించినది. 1909 సెప్టెంబరులో మూతపడువఱకును ఈ చెర ననుభవించినవారు 3,069 మంది. అందులో 29 మంది స్త్రీలు.

నాటి యూరివారిలో కొందఱు దీనిని విలాసమందిరమని వెక్కిరించెడివారు. ఖైదీలకు విద్యుద్దీపములట! గ్రంథాలయమట! తమ యిండ్లలో లేని సౌఖ్యములు దొంగల కెందుకని వారి యాక్షేపణ. పుస్తకములనుగూర్చి యీసడించువారు సర్వకాలములందు నుందురు గనుక దానికి మేమాశ్చర్యపడము. ఆ గ్రంథాలయము చెరసాలలో నెల్ల మెచ్చదగిన వస్తువని మా యభిప్రాయము. కాని యా విలాసమందిరములో 111 మంది ప్రాణములు విడిచిరి. వారిలో పెక్కుమందిని చంపినది క్షయ. ఉరిశిక్షల నచ్చట అమలు జరుపలేదు. అది జిల్లాల యధికారుల పని. మన యింటిలో నొకనికి క్షయ సోకినచో గిన్నె వేఱు, పడక వేఱు చేసి, కిటికీలు తెఱచి యుంచుదుము. అచ్చట ఒక్కొక్క కొట్టులో ఆర్గురను నించిరి. వేసవిలో 45 డిగ్రీలు దాటు ప్రదేశమది. అడవిగాలికిని వెలుతురునకును అందని చీకటికొట్టొకటి కొండలో తొలిచి, ఎదురాడినవారికై వేఱుగ నుంచిరి.

అందఱును దొంగలు గారు. బహుభార్యాత్వమునకై శిక్షపడినవారును కలరు. మెక్సికో నిరంకుశుడగు పోర్ఫిరియో డియాజుపై పత్రిక నడపి పోరాడిన రికార్డో ఫ్లోరెస్ మాగోనును 1909లో నిచ్చటనే యుంచిరి. పత్రికలు చదువు మనకు పెర్ల్ హార్టుకంటె నాతడు దగ్గఱివాడు గాడా?

1910 మొదలు 1914 వఱకు ఆ భవనములలోనే యూరి యున్నతపాఠశాల నడచినది. పొరుగువారు పరిహాసమున కిడిన ‘నేరగాండ్రు’ అను పేరును విద్యార్థులు తమ జట్టునకు గర్వముతో ధరించిరి. పిల్లల పౌరుషమును మెచ్చుకొందుము; చదువుకు చెరగోడలు తప్ప వేఱు నీడ చూపలేని పెద్దలను మెచ్చుకొనజాలము.

2010లో రాష్ట్రమునకు ధనము చాలక ఆ స్థలము మూతపడవలసి రాగా, ఊరివారు చందాలెత్తి నిలుపుకొనిరి. మంచిపని. పడగొట్టుమని మేమనము. కాని యచ్చటకు పోవువారు కొట్లతోనే తనివిచెంది వెనుదిరుగరాదు. చెరసాలకు తూర్పున, నదికి సమీపమున, నూర్గురకు పైగా ఖైదీలను పాతిన శ్మశానము కలదు. ఒక్కొక్క సమాధికి గుర్తు ఒక రాళ్లకుప్ప.