ఓడ మల్లయ్యకు పూచీ ఎవరు?

ఏరు దాటువరకు ఓడ మల్లయ్య, ఏరు దాటిన పిమ్మట బోడి మల్లయ్య అనుట మన సామెత. ఇది పడవ నడుపువాని అనుభవమునుండి పుట్టినది. అవతలి ఒడ్డు చేరిన మనుష్యుని మాట మారునని ఆతడెరుగును. కావుననే కూలి చేతబడినగాని ఆతడు గెడ వేయడు. తరువాత వచ్చిన రైలుబండియు, బస్సును ఈ నీతినే పాటించినవి. టికెట్టు ముందు, ప్రయాణము తరువాత. ఈ క్రమము నేడు కొన్ని దేశములలో తలక్రిందులైనది. లండను భూగర్భ రైలులో యాత్రికుడు తన సెల్‌ఫోనును ద్వారముకడ నున్న యంత్రమునకు తాకించి లోనికి పోవును. దిగిన చోట మరల తాకించి వెలుపలికి వచ్చును. ఆ దినమందలి ప్రయాణములన్నిటిని సరిచూచి, దినాంతమున లెక్క తేల్చి, ఆతని బ్యాంకు ఖాతానుండి సొమ్ము గ్రహింతురు. అనగా ఏరు దాటిన పిమ్మటనే ఓడ మల్లయ్యకు కూలి ముట్టుచున్నది.

మానవజాతి సత్యసంధత ఒక్కసారిగా పెరిగినందున ఈ మార్పు వచ్చినదని ఎవరును భ్రమపడనక్కరలేదు. యాత్రికుని పక్షమున మరియొకరు పూచీ నిలుచుచున్నారు. ఆ పూచీదారు బ్యాంకు. ఫోనులోని యాప్ ఆ పూచీని యంత్రమునకు చూపు చీటీ వంటిది. ఈ సంగతి గ్రహించినవారికి, విదేశములలో ఫోను చూపి ప్రయాణము చేయుటలోని సౌఖ్యమును, చిక్కును రెండును బోధపడగలవు. పూచీ కలవానికి ఊరంతయు తెరచిన తలుపే. పూచీ లేనివాడు, ఉన్నను దానిని చూపజాలనివాడు, జేబునిండ ధనమున్నను వాకిట నిలువవలసినదే. ప్రజలకొరకు నడుపు వాహనమునకు ఇట్టి పూచీ అడుగకుండ తెరచుకొను తలుపు కూడ ఒకటి ఉండి తీరవలెనని నా అభిప్రాయము.

ఈ విషయము మన ఉపాధ్యాయులకును, విద్యార్థులకును దూరమైనది కాదు. ఉన్నతవిద్యకై ఏటేట మన పల్లెలనుండియు, పట్టణములనుండియు యువకులు విదేశములకు పోవుచున్నారు. వారు ఉద్యోగములలో కుదురుకొనిన పిమ్మట, కూతురి పురిటికని తల్లియు, మనుమలను చూతమని తండ్రియు బయలుదేరుదురు. కొత్త నగరములో వారికి మొదట ఎదురగునది విశ్వవిద్యాలయమును కాదు, వస్తుప్రదర్శనశాలయును కాదు, రైలుస్టేషనులోని ద్వారము. అచ్చట తడబడినవానికి ఆ నగరము మీది మొదటి తలపే చేదగును.

న్యాయము చెప్పవలెనన్న మొదట ఈ పద్ధతిలోని మేలును ఒప్పుకొనవలెను. లండనులో ఓయిస్టరు కార్డు 2003లో వచ్చినది. బ్యాంకువారి కాంటాక్ట్‌లెస్ కార్డులను 2012 డిసెంబరునుండి బస్సులలోను, 2014 సెప్టెంబరునుండి భూగర్భ రైళ్లలోను అంగీకరించుచున్నారు. ఆ కార్డును ఫోనులో చేర్చుకొన్నవారు ఫోనునే తాకింపవచ్చును. లండను రైళ్ల ఛార్జీలు మండలములను బట్టియు, వేళలను బట్టియు మారుచుండును. పూర్వమైనచో కొత్తవాడు ఏ టికెట్టు చవుకయో తెలియక, తెలిసినవాని కంటె ఎక్కువ చెల్లించెడివాడు. ఇప్పుడు దినమునకింత అను గరిష్ఠ పరిమితిని యంత్రమే పాటించును. ఆ పరిమితి చేరిన పిమ్మట ఎన్నిమారులు తిరిగినను అదనపు ఛార్జీ లేదు. బస్సులలో 2016నుండి గంటలోపల రెండవ బస్సును, 2018నుండి గంటలోపల ఎన్ని బస్సులనైనను ఒక్క ఛార్జీతోనే ఎక్కవచ్చును. భాష రానివానిని, దారి తెలియనివానిని మోసగింపని లెక్కగాడు దొరకుట సామాన్యమైన మేలు కాదు. తక్కెడ పట్టువాడు కొత్తవాని ముఖము చూచి తూకము మార్చుట ఏ దేశములో లేదు? ఆ దోషమును ఈ యంత్రము తీర్చినది.

ఇక చిక్కుల సంగతి. పూచీ బ్యాంకుది గనుక బ్యాంకు నిబంధనలన్నియు యాత్రికుని వెంట వచ్చును. భారత రిజర్వు బ్యాంకు ఆదేశము ననుసరించి, 2020 మార్చి 16 తరువాత ఇచ్చిన కార్డులు మొదట స్వదేశములోని ఏ.టి.ఎం.లలోను, దుకాణపు యంత్రములలోను మాత్రమే పనిచేయును. విదేశములలో వాడుకను, కాంటాక్ట్‌లెస్ వాడుకను కార్డుదారుడే కోరి తెరిపించుకొనవలెను. దొంగలనుండి రక్షణకై చేసిన మంచి ఏర్పాటే ఇది. కాని, దీనిని విమానమెక్కుటకు పూర్వమే ఎరిగియుండవలెను. కార్డును ఫోనులో చేర్చునపుడు బ్యాంకు ఒక రహస్యసంఖ్యను ఫోనునకు పంపును. మన సిమ్ ఆ దేశములో పనిచేయనిచో ఆ సంఖ్య చేరదు. కావున ఈ పనియు ఇంటిలోనే ముగించుకొనుట మేలు.

మరియొక సూక్ష్మము కలదు. ఒకే ఖాతాకు చెందిన కార్డును ఉదయము తాకించి, సాయంకాలము అదే కార్డు చేర్చిన ఫోనును తాకించినచో, లండను యంత్రము వారిని ఇరువురు మనుష్యులుగా లెక్కించును. ఏలననగా ఫోనులో చేరిన కార్డునకు వేరొక సంఖ్య ఏర్పడును. దినపరిమితి రెండుగా చీలిపోవును. రైలులోనికి ఫోనుతో ప్రవేశించి, దిగుసరికి ఫోనులో విద్యుత్తు అడుగంటినచో, యాత్ర ముగిసినట్లు యంత్రమునకు తెలియదు. గరిష్ఠమైన ఛార్జీ పడును. తనిఖీ చేయువాడు వచ్చినపుడు ఫోను నల్లబడియున్నచో జరిమానాకును గురికావలసి రావచ్చును. ఒక ఫోనుతో ఒక మనుష్యుడే ద్వారము దాటవలెను. నలుగురున్న కుటుంబమునకు పెద్దకొడుకు ఫోనొక్కటి చాలదు. తన పేర బ్యాంకు కార్డు లేని తల్లి, మాతృభాష తప్ప చదువజాలని తల్లి, ఆ ద్వారముకడ కుమారుని ముఖము చూడవలసినదే. ఊరిలో ఒంటరిగా బస్సెక్కి తీర్థములు తిరిగివచ్చిన స్త్రీ విదేశములో పసిబిడ్డ యగుట ఎంత విచారము!

అయితే లండనువారు ఒక మార్గమును మూయకుండ ఉంచిరి. అచ్చట బస్సులలో నగదు పుచ్చుకొనుట 2014 జులై 6న ఆగిపోయినది. అప్పటికి నగదుతో జరుగు బస్సు ప్రయాణములు నూటికి ఒకటి మాత్రమే. నాణెములకై బస్సు ఆగిన కొలది ఆలస్యమగునని వారి వాదము. అందు సత్యము కలదు. కాని స్టేషనులలోని యంత్రములలో నగదు వేసి ఓయిస్టరు కార్డును నింపుకొను సౌకర్యము నిలిచినది. ఆ కార్డునకు బ్యాంకుతో పనిలేదు. మనము ముందుగా చెల్లించిన ధనమే దానికి పూచీ. ఆ తల్లి చేతిలో అట్టి కార్డొకటి పెట్టినచో, ఆమె తనంత తాను నగరము చుట్టి రాగలదు.

ఈ రెండు పద్ధతుల భేదము సింగపూరులో 2024 జనవరిలో ప్రజాసమస్యయైనది. అచ్చట 2002నుండి ఈజీలింక్ అను కార్డు వాడుకలో ఉన్నది. పాత పద్ధతిలో ధనము కార్డులోనే ఉండును. ద్వారము దానినుండి ఛార్జీ తగ్గించి, మిగిలినదెంతయో వెంటనే చూపును. సింప్లీగో అను కొత్త పద్ధతిలో ధనము దూరముననున్న లెక్కల కేంద్రములో ఉండును. ద్వారము కార్డుదారుడెవరో మాత్రమే గుర్తించును. ఖర్చును, నిలువను చూడగోరువాడు ఫోనులోని యాప్ తెరువవలెను. 2024 జూన్ 1నుండి వయోజనులందరును కొత్త పద్ధతికి మారవలెనని రవాణాశాఖవారు జనవరి 9న ప్రకటించిరి. జనులు ఒప్పుకొనలేదు. ద్వారముకడ నిలువ కనబడకుండుట వారికి అన్నిటికంటె వెలితిగా తోచినది. జనవరి 22న, అనగా రెండు వారములైనను తిరుగకుండ, ప్రభుత్వము తన నిర్ణయమును ఉపసంహరించినది. పాత పద్ధతిని కనీసము 2030 వరకు నిలుపుటకు 4 కోట్ల సింగపూరు డాలర్లు అదనముగా వెచ్చింతుమని చెప్పినది.

అంత సంపన్నమైన, అంత చదువరియైన నగరములో, ఫోను లేని ఇల్లు అరుదైనచోట, జనులు అడిగినదేమి? ప్రయాణము ఉచితముగా నిమ్మని కాదు. తన సొమ్ము ఎంత పోయినదో, ఎంత మిగిలినదో తన కంటికి, ఆ క్షణమున కనబడవలెనని. ఈ కోరిక మొండితనము కాదు. సంతలో వెచ్చాలు కొని, కొంగుముడి విప్పి, మిగిలిన నాణెములు లెక్కించుకొను మన అవ్వ చేయునదియు అదే. లెక్క తెలిసియుండుట మనుష్యుని గౌరవములో ఒక భాగము. స్వదేశీయులకే అట్లు తోచినపుడు, చేతిలోని ధనము విలువయే ఇంకను అలవాటుకాని పరదేశికి ఎట్లుండును?

జపాను అనుభవము మరియొక పాఠము. అచ్చటి సూయికా కార్డు 2001లో వచ్చినది. 2006నుండి ఫోనులోనికిని చేరినది. 2023 జూన్‌లో చిప్‌ల కొరతవలన, పేరు నమోదు లేకుండ ఇచ్చు కార్డుల అమ్మకమును నిలిపివేసి, 2025 మార్చిలో గాని తిరిగి ప్రారంభింపలేదు. ఆ మధ్యకాలమున ఫోనులో సూయికా చేర్చుకొన్న యాత్రికునికి ఏ కష్టమును లేకుండెను. కాని ఆ సదుపాయము అందరి ఫోనులకు లేదు. ఆపిల్ ఫోను విదేశములో కొనినదైనను పనిచేయును. జపాను వెలుపల కొనిన ఆండ్రాయిడ్ ఫోనులు సామాన్యముగా పనిచేయవు. చూచుటకు రెండును ఫోనులే. ఒకడు లోనికి పోవును, ఒకడు టికెట్ల వరుసలో నిలుచును. అయినను ఆ వరుస ఉన్నది, నాణెము వేసిన టికెట్టునిచ్చు యంత్రము ఉన్నది. కావుననే రెండవవాని యాత్ర ఆగలేదు. ఆ వరుసను ఎత్తివేయుదుమనువారు ఈ రెండవవానిని తలచుకొనవలెను.

మన పూర్వులు రేవు నిర్వహణమును గూర్చి ఆలోచింపనివారు కారు. కౌటిల్యుని అర్థశాస్త్రములో నావాధ్యక్షుని ధర్మములు ప్రత్యేకముగా చెప్పబడినవి. బరువు మోయు మనుష్యునకు ఒక మాషకము కూలి. తరచుగా వచ్చిపోవు విదేశ వర్తకులను, స్థానిక వర్తకులు ఎరిగినవారిని రేవుపట్టణములలో దిగనీయవలెనని నియమము. అనగా పరదేశికి పూచీ అడుగుట నేటి మాట కాదు. అనుమానము గొలుపువారిని రేవులోనే పట్టుకొనుమనియు ఆ గ్రంథము చెప్పును. అట్టి కఠినమైన గ్రంథమే బాలురను, వృద్ధులను, వ్యాధిగ్రస్తులను, గర్భిణులను ముద్ర ఇచ్చి ఉచితముగా దాటింపుమన్నది. అంత అనుమానపు రాజ్యము కూడ, ఏరు దాటలేక ఒడ్డున మిగిలిపోవువారెవరని ప్రశ్నించుకొనినది. నేటి యాప్‌ల కర్తలు ఆ ప్రశ్న వేసికొనవలెను.

మన ఇంటి సంగతియు కొంత చూతము. మన బస్సులలో చిల్లర లేనపుడు కండక్టరు టికెట్టు వెనుక బాకీ వ్రాసి ఇచ్చుటయు, దిగు తొందరలో దానిని మరచి మనము నిట్టూర్చుటయు అందరు ఎరిగినవే. యు.పి.ఐ. వంటి సాధనము ఆ బాధను తీర్పగలదు. అందుచేత మన విద్యార్థులలో కొందరు, ఫోనులో యు.పి.ఐ. ఉన్న చాలు, ప్రపంచమంతయు తిరిగిరావచ్చునని తలచుచున్నారు. 2023 ఫిబ్రవరిలో దానిని సింగపూరు పేనౌతో కలిపిన మాట నిజము. కాని అది ఒకరినుండి మరియొకరికి సొమ్ము పంపుటకు. రైలు ద్వారము దానిని గుర్తింపదు. అట్లే మన నగరములకు వచ్చు పరదేశి, మన యాప్‌ల ముందు దిక్కుతోచక నిలువగలడని మనమును గుర్తింపవలెను. పరాయి ఊరిలో మన తల్లికి ఏ మర్యాద కోరుదుమో, మన ఊరిలో పరాయి తల్లికి ఆ మర్యాద చేయుట ధర్మము.

విదేశమునకు పోవు విద్యార్థికి నేను చెప్పునది ఇంతే. ఫోనుతో పాటు కార్డును దాచుకొనుము. కార్డుతో పాటు ఆ దేశపు నాణెములు కొన్ని ఉంచుకొనుము. ఒక దినమంతయు ఒక్క సాధనమునే తాకించుము. తల్లిదండ్రులు వచ్చినపుడు వారిని నీ ఫోను వెంట త్రిప్పక, వారి చేతికి ముందుగా ధనము నింపిన కార్డు నిచ్చి, ఒకటి రెండు మారులు దారి చూపి, పిమ్మట వారిని వారి ఇచ్చకు విడువుము. ఉపాధ్యాయులు దినపరిమితి లెక్కను తరగతిలో గణితముగా చెప్పవచ్చును. అంతకు మించి, ఆ లెక్కలో చేరని మనుష్యుడెవరని పిల్లలను అడుగవలెను. రేపు ఇట్టి యంత్రములను నిర్మింపబోవువారు ఆ పిల్లలే గనుక, ఆ ప్రశ్న వారి చెవిని ఇప్పుడే పడుట మంచిది.