దాదీ డబ్బాలోని హాలీ సిక్కా: తూకానికి అమ్మితే పోయేదెంత?

వెండి ధర పెరిగిన ప్రతిసారీ కరీంనగర్ టవర్ సర్కిల్ చుట్టుపక్కల నగల దుకాణాలకు ఒక రకం గిరాకీ వస్తుంది. కొనడానికి కాదు, అమ్మడానికి. రుమాల్లో కట్టిన పాత రూపాయి బిళ్లలు కౌంటర్ మీద పెట్టి, "సేఠ్, వీటికి ఎంత ఇస్తరు?" అని అడుగుతారు. సేఠ్ బిళ్లలను చూడడు, కాటా చూస్తాడు. 2025లో కిలో వెండి లక్ష రూపాయలు దాటి ఇంకా పైకి పోయింది. దాంతో దాదీ, నానీల పెట్టెల్లో దశాబ్దాలుగా ఉన్న నిజాం కాలపు నాణేలు కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, ఆదిలాబాద్‌ల ఇళ్లలోంచి బయటికొస్తున్నాయి. పెళ్లి ఖర్చు, ఆసుపత్రి బిల్లు, గల్ఫ్ వీసా, కారణం ఏదైనా కావచ్చు. అవసరానికి అమ్మడం తప్పేమీ కాదు. ఏం అమ్ముతున్నారో తెలియకుండా అమ్మడంతోనే చిక్కు.

ముందు వెండి లెక్క. హైదరాబాద్ రాజ్యపు రూపాయి, అదే హాలీ సిక్కా, బరువు సుమారు 11.18 గ్రాములు. అందులో వెండి 81.8 శాతం, అంటే 9.14 గ్రాముల అసలు వెండి. కిలో లక్ష ఉంటే ఒక బిళ్లలో 914 రూపాయల వెండి ఉన్నట్టు. ధర రెండు లక్షలైతే అది కూడా రెట్టింపు. ఇంగ్లీషోళ్ల రూపాయి, అంటే విక్టోరియా, ఎడ్వర్డ్, ఐదో జార్జి బొమ్మలున్నవి, 11.66 గ్రాములు. వెండి 91.7 శాతం, అసలు వెండి 10.69 గ్రాములు. అప్పట్లో 7 హాలీ రూపాయలకు 6 కల్దార్ రూపాయలు ఇచ్చేవారు. రెండింటిలోని వెండిని పోల్చి చూస్తే దాదాపు అదే నిష్పత్తి వస్తుంది. నిజాం టంకశాల లెక్కలో తేడా లేదు.

1940 తర్వాతి ఆరో జార్జి రూపాయిలో వెండి సగమే. 1947 రూపాయి పూర్తిగా నికెల్, దానికి వెండి ధర ఎవరూ ఇవ్వరు. నిజాం చివరి ఏళ్ల రెండు, నాలుగు, ఎనిమిది అణాల బిళ్లలు కూడా నికెల్‌వే. ఇవన్నీ ఒకే మూటలో ఉంటే "అన్నీ కలిపి సగం వెండే" అని ధర కట్టడం కొనేవాడికి సులువు. అందుకే వేరు చేసి ఇవ్వాలి. శాతం మీద మాట తేడా వస్తే మెషీన్‌లో పెట్టి చూపించమనాలి.

ఇంకో మెలిక 'తులం' అనే మాటలో ఉంది. పాత తులం 11.66 గ్రాములు, సరిగ్గా ఒక ఇంగ్లీషు రూపాయి తూకం. ఇవాళ నగల దుకాణంలో తులం అంటే 10 గ్రాములు. "బిళ్లకు తులం" అని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పిన లెక్కతో బేరం చేస్తే హాలీ బిళ్ల ఒక్కోదానికి 1.18 గ్రాములు పోతుంది. యాభై బిళ్లలకు 59 గ్రాములు. తులాల్లో కాకుండా గ్రాముల్లో మాట్లాడుకుంటే ఈ గొడవే ఉండదు.

ఇదంతా కరిగించే ధర. నాణేలు సేకరించేవాళ్లు ఇచ్చే ధర వేరే. వాళ్లు ముందు చూసేది తేదీని, తర్వాత అరుగుదలను. ఇక్కడే మన ఇళ్లలో ఒక విచిత్రం కనిపిస్తుంది. నాణెం మీద ఉన్నదంతా ఉర్దూ, ఫార్సీ లిపి. తెలుగు మీడియం, ఇంగ్లీషు మీడియంలో చదివిన మనవడికి అది చదవరాదు. చదవగలిగే దాదీని ఎవరూ అడగరు.

చదవడం పెద్ద కష్టం కాదు. రూపాయి మీద చార్మినార్ ఉంటుంది. ఈ బొమ్మ 1900ల మొదట్లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో వచ్చింది. చార్మినార్ దర్వాజాలో ఒక అక్షరం ఉంటుంది. 'మీమ్' ఉంటే మహబూబ్ అలీ పాషాది, 'ఐన్' ఉంటే 1911లో గద్దెనెక్కిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌ది. పైన ఉండే అంకెలు హిజ్రీ సంవత్సరం. 1329 అంటే 1911. ఇంకా 92 అనే అంకె కూడా కనిపిస్తుంది. అది తేదీ కాదు. అబ్జద్ లెక్కలో 'ముహమ్మద్' పేరులోని అక్షరాల మొత్తం. మీమ్ 40, హే 8, మళ్లీ మీమ్ 40, దాల్ 4. ఆ అంకె ఉన్న బిళ్ల కొలిమిలోకి పోతోందని చాలా ఇళ్లకు తెలియదు.

అయితే ఆశ కూడా అదుపులో ఉండాలి. ఉస్మాన్ అలీ ఖాన్ రూపాయలు లక్షల్లో ముద్రించారు. అరిగిపోయిన మామూలు తేదీ బిళ్లకు వెండి ధర మీద కొంచెమే ఎక్కువ వస్తుంది. డీలర్ దగ్గర అలాంటివి డబ్బాలకొద్దీ ఉంటాయి. కొన్న బిళ్ల అమ్ముడుపోయేదాకా అతని పైసలు ఇరుక్కుంటాయి కాబట్టి అతను తగ్గించి అడగడం వ్యాపారమే, మోసం కాదు. అరుదైన తేదీలు, అరుగుదల లేని బిళ్లలు, బంగారు అష్రఫీలు, నిజాం ప్రభుత్వపు పెద్ద నోట్లు మాత్రం వేరే సంగతి. అవి ఉంటే జిల్లాలో అమ్మకుండా రెండు వైపులా ఫోటోలు తీసి, హైదరాబాద్‌లో ఇద్దరు ముగ్గురు డీలర్లకు, ముంబై, బెంగళూరు వేలం సంస్థలకు చూపించాలి. మెరవాలని చింతపండుతో తోమితే మాత్రం సగం ధర ఇంట్లోనే పోయినట్టు.

ఆదిలాబాద్ వైపు మరో సమస్య ఉంది. అక్కడ గోండు, లంబాడా ఆడవాళ్ల దండల్లో, మన ఇళ్లలోని పాత హారాల్లో రూపాయి బిళ్లలకు కొండీ అతికించి ఉంటుంది. అతుకు పడినా, చిల్లు పడినా సేకరించేవాడు దాదాపు పట్టించుకోడు. దాన్ని వెండిగా లేదా నగగా అమ్ముకోవాల్సిందే.

చట్టం సంగతి చాలామందికి తెలియదు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని దేశం దాటించడం నేరం, మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. "దుబాయ్‌లో ఎక్కువ వస్తది" అని సూట్‌కేసులో పెట్టి పంపే అన్నదమ్ములు ఇది గుర్తుంచుకోవాలి. మహబూబ్ అలీ పాషా బిళ్లలన్నీ, ఉస్మాన్ అలీ ఖాన్ వాటిలో 1343 హిజ్రీ వరకు ఉన్నవీ వందేళ్లు దాటినవే.

పొలంలో, పునాదిలో దొరికినవి ఇంకో రకం. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో శాతవాహన తొలి రాజు చిముకుడి నాణేలు దొరకబట్టే ఆ వంశం చరిత్రలో తెలంగాణకు చోటు పెరిగింది. 1878 నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన పది రూపాయల విలువ దాటిన దేన్నైనా కలెక్టర్‌కు తెలపాలి. దాచిపెడితే వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా ఉంది.

మోసాల విషయానికొస్తే ఇప్పుడు దుకాణం కన్నా ఫోన్ ప్రమాదం. 786 నంబరు నోటుకు లక్షలు, వైష్ణోదేవి బొమ్మ బిళ్లకు లక్షలు అంటూ ప్రకటనలు వస్తాయి. తర్వాత రిజిస్ట్రేషన్ ఫీజు, ట్యాక్స్, కమీషన్ అంటూ అమ్మేవాడి దగ్గరే పైసలు గుంజుతారు. 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు తన పేరు, లోగో వాడి ఇలా వసూలు చేస్తున్నారని హెచ్చరించింది. పాత నోట్లు, నాణేల కొనుగోళ్లతో తనకు సంబంధం లేదని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని చెప్పింది. అమ్మేవాడు ముందు డబ్బు కట్టాల్సిన బేరం ఈ వ్యాపారంలో ఎక్కడా నిజం కాదు. కట్టేసినవాళ్లు వెంటనే 1930కి ఫోన్ చేయాలి. బియ్యాన్ని లాగే 'రైస్ పుల్లింగ్' రాగి బిళ్లల పేరుతో ఊళ్లలో తిరిగేవాళ్లదీ ఇదే దందా.

చివరిగా ఇంటి లెక్క. పెద్దావిడ పోయాక ఇల్లు, పొలం పంచుకుంటారు. పెట్టెలోని బిళ్లలు మాత్రం ఆ ఇంట్లో ఉన్న కొడుకు చేతికి పోతాయి, చెల్లెళ్లకు తెలిసేసరికి అవి కరిగిపోయి ఉంటాయి. అవి కూడా విరాసతే, కూతుళ్లకు వాటా ఉంది. పంచకముందే ఎన్ని బిళ్లలు, ఏ తేదీలు అని కాగితం మీద రాసి అందరూ సంతకం పెట్టిన ఇళ్లలో తర్వాత మాటలు రావు. జకాత్ మాట కూడా ఉంది. 55 హాలీ రూపాయల మొత్తం బరువు 614 గ్రాములు దాటుతుంది, వెండి నిసాబ్ 612 గ్రాములు. కల్తీ లోహాన్ని లెక్కలో ఎలా చూడాలన్నది ముఫ్తీ సాహెబ్‌ను అడిగి తెలుసుకోవాలి. ఆయన దగ్గరికి వెళ్లేటప్పుడు బిళ్లల తూకం చీటీ తీసుకెళ్తే జవాబు తొందరగా దొరుకుతుంది.