కీమో ఎక్కేది ఒకరికి, ఓటేసేది ఊరంతా

ఊపిరితిత్తి కాన్సర్ ఒకసారి వచ్చింది. ఆపరేషన్ అయింది, తగ్గిందనుకున్నారు. రెండు మూడేళ్ళకి మళ్ళీ వచ్చింది. అదృష్టం బాగుండి ఒకే చోట ఉంది కాబట్టి మళ్ళీ కోసి తీసేశారు. ఇప్పుడు ప్రశ్న: మళ్ళీ కీమో ఇప్పించాలా, వద్దా?

ఈ ప్రశ్నకి మన తెలుగిళ్ళల్లో సమాధానం చెప్పేవాళ్ళ జాబితా చాంతాడంత ఉంటుంది. పెద్దకొడుకు, అల్లుడు, అమెరికాలో ఉన్న బావమరిది, ఆ బావమరిదికి తెలిసిన డాక్టరు, పక్కింటి రిటైర్డు తాసిల్దారు గారు. అందరూ ఉంటారు, పేషెంటు తప్ప.

నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే ముక్క. ఆ ఓటు పేషెంటుది. మిగతావాళ్ళది సలహా మాత్రమే. డబ్బులు కట్టేవాళ్ళది కూడా సలహానే.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక రకం మేనేజర్లు బాగా తెలుసు. యూజర్ మొహం కూడా చూడకుండా యూజర్‌కి ఏం కావాలో నలభై పేజీల డాక్యుమెంటు రాసేస్తారు. ఆ ప్రాజెక్టు మూలపడితే ఇంకో ప్రాజెక్టు వస్తుంది, ఎవరి కొంపా మునగదు. ఇక్కడ యూజర్ మంచం మీద ఉన్న మనిషి. వెనక్కి తిప్పడానికి పాత వెర్షన్ లేదు.

మా పెదనాన్న సంగతే తీసుకోండి. ఒంగోలు దగ్గర పల్లెటూరు, లెక్కల మాష్టారుగా రిటైరయ్యారు. జన్మలో సిగరెట్ ముట్టని మనిషి. మొదటి ఆపరేషన్ తర్వాత నాలుగు సైకిళ్ళ కీమో అయింది. రెండోసారి ఆపరేషన్ అయ్యాక, మా వాళ్ళు డాక్టరు గారిని ఆయన గది బయటే ఆపి "సార్, ఆయనకేం చెప్పకండి, మేం మాట్లాడుకుని చెప్తాం" అన్నారు. ఆయనకి మాత్రం "చిన్న గడ్డ, తీసేశారు" అని చెప్పారు. నలభై ఏళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషికి ఒకటీ ఒకటీ కలిపితే రెండని తెలీదా? ఆయనకి తెలుసు. ఆయనకి తెలుసని పెద్దమ్మకీ తెలుసు. ఎవరి నాటకం వాళ్ళు ఆడుతున్నారంతే. ఒకరోజు నేను పక్కన కూర్చునుంటే ఆయనే అడిగారు, "ఈసారి ఎన్ని ఎక్కిస్తారంట్రా? పోయినసారి వేళ్ళకొచ్చిన తిమ్మిరి ఇంకా పోలేదు. చొక్కా గుండీలు మీ పెద్దమ్మ పెడుతోంది. ఆ సంగతి ఎవడన్నా అడిగాడా నన్ను?"

ఎవరూ అడగలేదు. బయట హాల్లో ఎనిమిది మంది కూర్చుని "ప్రయత్నలోపం ఉండకూడదు" అని తీర్మానం చేస్తున్నారు.

సరే, సెంటిమెంటు పక్కన పెట్టి లెక్కలు చూద్దాం. ఊపిరితిత్తి కాన్సర్లలో ఎక్కువ భాగం నాన్ స్మాల్ సెల్ రకం. ఆ రకానికి ఆపరేషన్ తర్వాత సిస్‌ప్లాటిన్ తో కీమో ఇస్తే ఏమవుతుందో తేల్చడానికి 5 పెద్ద ట్రయల్స్‌లో ఉన్న 4584 మంది వివరాలు కలిపి 2008 లో ఒక విశ్లేషణ వచ్చింది. పేరు లేస్. ఐదేళ్ళ తర్వాత బతికున్నవాళ్ళు, కీమో తీసుకోనివాళ్ళలో కన్నా తీసుకున్నవాళ్ళలో 5.4 శాతం ఎక్కువ. అంటే నూరు మందికి ఇస్తే, ఇవ్వకపోతే పోయేవాళ్ళలో ఒక ఐదుగురు అదనంగా ఐదేళ్ళు దాటతారు. మిగతా వాళ్ళలో కొందరు కీమో లేకపోయినా ఉండేవాళ్ళే, కొందరు కీమో ఇచ్చినా పోయేవాళ్ళే. ఎవరు ఏ గుంపో ముందు తెలీదు.

ఇదే ఫలితాన్ని "చనిపోయే ముప్పు 11 శాతం తగ్గుతుంది" అని కూడా చెప్పొచ్చు. అదీ నిజమే. కానీ వినేవాడి చెవికి 11 వేరు, 5 వేరు. నూటికి ఎంతమంది అని అడగకపోతే మీకు పెద్ద అంకె మాత్రమే వినిపిస్తుంది.

ఇంకో విషయం. రెండు, మూడు దశల్లో ఉన్నవాళ్ళకి ఈ లాభం స్పష్టంగా కనపడింది. మరీ తొలిదశలో, అంటే 1ఏ లో, లాభం లేదు సరికదా నష్టం వైపే మొగ్గింది. కాబట్టి "కీమో మంచిదా చెడ్డదా" అన్న ప్రశ్నకి అర్థం లేదు. ఎవరికి, ఏ దశలో, అన్నదే ప్రశ్న.

అసలు సంగతి ఇప్పుడు వినండి. ఈ లెక్కలన్నీ మొదటిసారి ఆపరేషన్ అయినవాళ్ళవి. మళ్ళీ వచ్చి, మళ్ళీ కోయించుకున్నవాళ్ళ మీద ఇలాంటి పెద్ద ట్రయల్ లేదు. అందుకని డాక్టరు గారు "ఇస్తే మంచిది" అన్నా "అక్కర్లేదు" అన్నా, అది ఆయన అనుభవంతో వేసిన అంచనా. తప్పని అనట్లేదు. వైద్యంలో అంచనాలు లేకుండా కుదరదు. కానీ అంచనాని అంచనాలా చెప్పాలి, తీర్పులా కాదు. రుజువు గట్టిగా ఉన్నచోట పేషెంటు ఇష్టాయిష్టాలకి ఉండే జాగా కొంచెం తక్కువ. రుజువు పల్చగా ఉన్నచోటే ఆ మనిషి ఏమనుకుంటున్నాడన్నది అన్నిటికన్నా బరువైన విషయం. మనం సరిగ్గా అక్కడే ఆ మనిషిని గదిలో పెట్టి తలుపేస్తున్నాం.

ఈ మాట గాల్లోంచి చెప్పట్లేదు. 1998 లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ లో ఒక అధ్యయనం వచ్చింది. ముదిరిన ఊపిరితిత్తి కాన్సర్‌కి అప్పటికే సిస్‌ప్లాటిన్ కీమో తీసుకున్న 81 మందిని అడిగారు, "ఎంత ఆయుష్షు పెరుగుతుందంటే కీమోకి ఒప్పుకుంటారు?" అని. కొందరు ఒక్క వారం పెరిగినా చాలన్నారు. కొందరు 24 నెలలు పెరుగుతుందన్నా వద్దన్నారు. ఆయుష్షు మూడు నెలలు పెరుగుతుందంటే ఒప్పుకున్నవాళ్ళు 22 శాతం. ఆయుష్షు ఏమీ పెరగకపోయినా బాధలు బాగా తగ్గుతాయంటే ఒప్పుకున్నవాళ్ళు 68 శాతం.

ఒకే జబ్బు, ఒకే మందు. అయినా వారానికీ రెండేళ్ళకీ మధ్య అంత తేడా! ఇప్పుడు చెప్పండి, హాల్లో కూర్చున్న ఎనిమిది మంది ఆ లోపలి మనిషి ఏ కొసన ఉన్నాడో ఎలా ఊహిస్తారు?

మనవాళ్ళ దగ్గర మూడు సమాధానాలు రెడీగా ఉంటాయి.

ఒకటి, "చెబితే కుంగిపోతాడు". కుంగిపోవచ్చు, కాదనను. కానీ చెప్పకపోతే కుంగడా? మందు ఎక్కుతుంటే, వాంతులవుతుంటే, అందరి మొహాలూ వేలాడుతుంటే ఆయనకి అర్థం కాదా? తెలిసి కూడా ఎవరితో మాట్లాడుకోలేని ఒంటరితనం ఒకటి అదనం. పొలం కాగితాలు, చూడాల్సిన మనుషులు, చెప్పాల్సిన మాటలు, అన్నిటికీ ఆ అబద్ధం అడ్డం.

రెండు, "డాక్టరు చెప్పిందే వేదం". నోరు విప్పి చెప్పే చోటే ఎంత అర్థమవుతోందో చూడండి. అమెరికాలో 2012 లో వచ్చిన ఒక అధ్యయనంలో, నాలుగో దశ ఊపిరితిత్తి కాన్సర్‌కి కీమో తీసుకున్నవాళ్ళలో 69 శాతం మందికి ఆ కీమో జబ్బుని నయం చేసేది కాదన్న సంగతి అర్థమైనట్టు కనపడలేదు. అక్కడే అలా ఉంటే, గది బయట గుసగుసలాడే మన దగ్గర సంగతేంటి? ఇక వేదం మాటంటారా, చట్టం ఇంకోలా చెప్తోంది. 2008 లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీం కోర్టు తేల్చింది. మత్తులో ఉన్న పేషెంటు తరఫున తల్లి ఒప్పుకుందని డాక్టరు పెద్ద ఆపరేషన్ చేసేశారు. ప్రాణం మీదికొచ్చిన అత్యవసరం కానప్పుడు, వయసొచ్చి తెలివిగా ఉన్న మనిషి బదులు కన్నతల్లి ఒప్పుకున్నా చెల్లదంది కోర్టు. కన్నతల్లికే లేని అధికారం అల్లుడికి ఎక్కడిది?

మూడు, "ఏమీ చెయ్యకపోతే లోకం ఏమంటుంది". నా మటుకు నాకు అసలు జబ్బు ఇదేననిపిస్తుంది. చాలా ఇళ్ళల్లో రెండో కీమో పేషెంటు కోసం కాదు, పిల్లల మనశ్శాంతి కోసం. "మేం అన్నీ చేశాం" అని రేపు పదిమందికీ చెప్పుకోడానికి. మీ మనశ్శాంతికి ఆయన నరాలు, ఆయన కిడ్నీలు, ఆయన చెవులు ఖర్చు పెట్టకండి. సిస్‌ప్లాటిన్ వీటన్నిటినీ ముట్టుకుంటుంది.

ఇదంతా చదివి నేను కీమోకి వ్యతిరేకం అనుకుంటే పొరపాటు. గోమూత్రం, గోధుమగడ్డి రసం బ్యాచ్ కి ఈ వ్యాసం వాడుకునే హక్కు లేదు. నూటికి ఐదుగురంటే చిన్న సంఖ్య కాదు, ఆ ఐదుగురిలో మనమే ఉంటే అది నూటికి నూరు. దీనికి రెండో వైపు కూడా ఉంది. "ఈ వయసులో ఆవిడకి ఇంకా ఎందుకండీ" అని కొడుకులే తేల్చేసి, కీమో కావాలనుకున్న తల్లికి ఆ మాట కూడా చేరనివ్వని ఇళ్ళు లేవా? వద్దని తేల్చినా కావాలని తేల్చినా, తేల్చింది వేరేవాళ్ళైతే దౌర్జన్యం ఒకటే.

మరి ఏం చెయ్యాలి? పేషెంటుని పక్కన కూర్చోబెట్టుకుని డాక్టరు గారిని ఇవి అడగండి. ఇది పాతదే తిరిగొచ్చిందా, కొత్తగా పుట్టిన ఇంకో కాన్సరా? (కొత్తదైతే దాని దశ ప్రకారం లెక్క మొదట్నుంచీ మారుతుంది.) మొత్తం తీయగలిగారా, లింఫ్ గ్రంథుల్లో ఏమన్నా ఉందా? మొదటి కీమో అయిన ఎన్నాళ్ళకి తిరిగొచ్చింది? ఆ మందు మిగిల్చిన నష్టాలేంటి? తీసిన ముక్క మీద ఈజీఎఫ్ఆర్, ఆల్క్ లాంటి జన్యు పరీక్షలు చేశారా? ఇది చాలా ముఖ్యం. ఈజీఎఫ్ఆర్ మార్పు ఉండి, ఆపరేషన్ అయినవాళ్ళకి ఒసిమెర్టినిబ్ మాత్ర ఇచ్చిన ట్రయల్ ఫలితాలు 2023 లో వచ్చాయి. ఐదేళ్ళకి మాత్ర వాడినవాళ్ళలో 88 శాతం, వాడనివాళ్ళలో 78 శాతం ఉన్నారు. అదీ మొదటి ఆపరేషన్ వాళ్ళ లెక్కే, కానీ ఆ పరీక్ష చెయ్యకుండా కీమో గురించి ఇంట్లో ఓటింగ్ పెట్టడం, లాగ్ చూడకుండా సర్వర్ రీస్టార్ట్ చెయ్యడం లాంటిది. ఆఖరిది: కీమో ఇవ్వకుండా స్కాన్లతో కనిపెట్టుకుని ఉంటే ఏమవుతుంది?

తర్వాత పేషెంటుని అడగాల్సినవి రెండే. మీకు ఎంతవరకు తెలుసుకోవాలనుంది? మీకు ఏది పోతే భరించలేరు? "నాకేం చెప్పొద్దు, మీరే చూసుకోండి" అనొచ్చు. అదీ ఆయన నిర్ణయమే, దాన్నీ గౌరవించాల్సిందే. కానీ అడిగాక.

మా పెదనాన్న ఏం తేల్చుకున్నారో ఇక్కడ రాయను. రాస్తే దాన్ని తీసుకెళ్ళి మీ ఇంట్లో మంచం మీదున్న మనిషికి అంటగడతారు. "ఫలానా మాష్టారు ఇలా చేశారట, నువ్వూ చెయ్యి" అంటారు. ఆయన నూట ఐదో, తొంభై ఐదో నాకు తెలీదు, మీవాళ్ళెవరో అంతకన్నా తెలీదు. వెళ్ళి వాళ్ళనే అడగండి.