లాల్‌బాగ్ గాలికి పది నెలల అడ్వాన్సా?

మా ఐరాల వైపు పిల్లలకు ఉద్యోగమంటే బెంగళూరే. కాబట్టి అక్కడి బాడుగ ఇంటి గోల ఇక్కడ ప్రతి తల్లికీ తెలిసిందే. అందులోనూ బసవనగుడిలో, లాల్‌బాగ్ పడమటి గేటు దగ్గర ఇల్లంటే ఇక చెప్పనక్కర్లేదు. "పార్కు ఎదురుగా అమ్మా" అన్న ఒక్క మాటకే బాడుగ పైకెక్కి కూర్చుంటుంది.

ఆ పార్కు ఎవరిదండీ? 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట. 240 ఎకరాలు. ఇప్పుడు చూసుకునేది కర్ణాటక ఉద్యానవన శాఖ. ఓనరు అందులో ఒక్క బిందె నీళ్లు పోయలేదు, కిటికీ మాత్రం అటు పెట్టించాడు. సరే, పాత పేట, చెట్ల నీడ, గుడి దగ్గర. బాడుగ ఎక్కువ అడిగాడే అనుకుందాం, ఇష్టమైతే దిగుతాం, లేకపోతే లేదు. నా పోట్లాట బాడుగతో కాదు, అడ్వాన్సుతో.

పది నెలల బాడుగ ముందే కట్టించుకోవడం బెంగళూరులో పాత అలవాటు. కొందరు ఐదారు నెలలకు దిగారు గానీ పదే కావాలనేవాళ్లు ఇంకా ఉన్నారు. 30 వేల బాడుగకు 3 లక్షలు. కొత్త కాపురంలో అంత డబ్బు ఎక్కడిది? బ్యాంకులో కుదవ పెట్టిన మన గాజులు, మన హారం. నూటికి ఏడాదికి 9 రూపాయల వడ్డీ అనుకున్నా 27 వేలు, దగ్గర దగ్గర ఇంకో నెల బాడుగ. ఓనరు మనకిచ్చే వడ్డీ సున్నా. పైగా ఖాళీ చేసే రోజు పెయింటింగని ఒక నెల బాడుగ పట్టుకుంటాడు, గోడకు మేకు కొట్టకపోయినా.

ఇంతా చేసి అగ్రిమెంటులో పేరు మగవాడిది. నగ మనది, సంతకం ఆయనది. ప్రశ్నలు మాత్రం మనకు. మాంసం వండుతారా? మీదే కులం? చుట్టాలొస్తే ఎన్నాళ్లుంటారు? అదే బసవనగుడిలో కార్తీకమాసం చివర కడలెకాయి పరిషె జరుగుతుంది. ఆంధ్ర నుంచి పోయిన చెనక్కాయలూ రాసులు పోసి అమ్ముతారు. వాటిని పండించినవాళ్ల కులం ఎవరూ అడగరు మరి!

2021లో కేంద్రం ఒక నమూనా అద్దె చట్టం ఇచ్చింది. నివాసానికి రెండు నెలల బాడుగకు మించి అడ్వాన్సు తీసుకోకూడదని అందులో ఉంది. నమూనా కదా, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే పనికొస్తుంది. ఆ మాటెత్తితే ఓనరు నవ్వుతాడు. నవ్వనివ్వండి. బేరం రెండు నెలల దగ్గర మొదలుపెట్టాల్సింది మనమే. "అందరూ ఇస్తున్నారు కదా" అని మగవాళ్లు తలూపేస్తారు. బీరువాలో ఖాళీ అయ్యే పెట్టె వాళ్లది కాదు.

కుదవ పెట్టక తప్పకపోతే అగ్రిమెంటులో మీ పేరూ రాయించండి. అడ్వాన్సు మీ ఖాతా నుంచే పంపండి, తిరిగి ఆ ఖాతాకే రావాలని అందులో రాయించండి. దిగిన రోజే గోడలన్నీ ఫొటోలు తీసి ఓనరుకు పంపండి. పార్కంటారా, లాల్‌బాగ్‌కు నాలుగు గేట్లున్నాయి. నాలుగు వీధుల అవతల తక్కువ అడ్వాన్సుకు ఇల్లు దొరికితే అక్కడే దిగండి. పొద్దున నడకకు పది నిమిషాలు ముందు బయల్దేరితే సరిపోతుంది.