శాలువాలు చాలించి పిల్లల కవితలు వినండి

కోలారు నుండి, హోసూరు నుండి, హిందూపురం నుండి చదువులకూ కొలువులకూ బెంగళూరు చేరిన మన బిడ్డలు కవిత వ్రాసుకొని ఎవరి వద్దకు పోవాలి? 2011 జనగణనలో కర్ణాటకలో తెలుగును తల్లినుడిగా చెప్పినవారు 35 లక్షలకు పైబడినారు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దాలపాటు తెలుగు చెప్పిన రాష్ట్రమిది. నగరంలో తెలుగు విజ్ఞాన సమితికి వయ్యాలికావల్‌లో కృష్ణదేవరాయల పేర కళామందిరమే ఉన్నది. చోటు లేదనగలమా?

పేరు వద్దుగాని, ఆ మధ్య ఒక ఉగాది కవి సమ్మేళనానికి మా అమ్మాయిని తీసుకొనిపోయాను. సన్మానాలకు రెండు గంటలు. కవులకు తలా మూడు నిమిషాలు. మా పిల్ల చదువుతుండగానే భోజనాలకు పిలుపు వచ్చింది. కవితలో 'వస్తాండాను' అన్న మాటకు పెద్దలు నవ్వినారు. ఎక్కడ పలుకు తడబడిందో చెప్పినవారు మాత్రం లేరు. హోసూరు రచయితలు పూనుకొని ఈ సీమ నుడిలోనే 'మొరసునాడు కథలు' వెలువరించిన సంగతి వారెరుగరు కాబోలు!

సంఘాల పెద్దలారా, ఉగాది వేదికను మానమనటం లేదు. నెలకొక ఆదివారం ఒక గది తెరవండి. మైకు వద్దు, అధ్యక్షులు వద్దు. పదిమంది కూర్చొని వ్రాసినది చదవాలి, ఒకరిదొకరు దిద్దుకోవాలి. కన్నడ బడిలో చదివి మన అక్షరాలు రాని బిడ్డ చెబితే పక్కవారు వ్రాసిపెట్టాలి.

తల్లిదండ్రులారా, ఆహ్వానపత్రిక అందగానే బయలుదేరకండి. "మా పిల్ల కవిత విని ఏమైనా చెబుతారా?" అని ముందుగా అడగండి. బదులు రాకుంటే మీ వసారాలోనే చాప పరచండి. వచ్చే నెల రెండవ ఆదివారం మేమూ పరుస్తున్నాము.