తూకానికి పోతున్న మన చరిత్ర

కోరుట్లలో ఒక పాత పేపర్ల దుకాణంలో, తూకానికి సిద్ధంగా ఉన్న కట్ట విప్పి చూశాను. లోపలి పేజీలో బీడీ కార్మికురాళ్ల ధర్నా వార్త, నాలుగే వాక్యాలు. దుకాణదారుకు అది కిలోల లెక్క. పాత పేపర్లు సేకరించేవారికి పెద్ద శీర్షిక ఉండి, మడత చిరగకపోతేనే విలువ. ఈ రెండు లెక్కల్లోనూ స్త్రీలు లేరు.

1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అది ప్రభుత్వ రికార్డుల్లోనూ దొరుకుతుంది. మరి బీడీలు చుట్టే ఆడవాళ్ల కూలి తగాదాలు? సిరిసిల్లలో నేతకార్మికుల ఆత్మహత్యల తర్వాత మిగిలిన భార్యల గోడు? అవి జిల్లా పేజీల మూలల్లో వెతుక్కోవాలి. ఆ పేజీలు దాచేవాళ్లే తక్కువ.

కలపగుజ్జుతో చేసిన న్యూస్‌ప్రింట్ ఎండకు, గాలికి పసుపుబారి పెళుసవుతుంది, మడత దగ్గర విరుగుతుంది. అయినా తేదీ, ఎడిషన్, వార్త చదవగలిగితే చాలు, మనకది విలువైనదే. వార్తలో రాసిందంతా నిజమని కాదు. విలేకరి ఎవరి పేరు రాశాడు, ఎవరిని ‘మహిళలు’ అని ఒక్క మాటతో తేల్చేశాడు అన్నదీ సాక్ష్యమే.

మన సంఘాల ఆఫీసుల్లో అటకలెక్కిన కట్టలు అమ్మేముందు విప్పండి. టేపు అంటించకండి. వార్త ఒక్కటే కత్తిరించకండి, పేజీ మొత్తం మడవకుండా దాచండి, ఫోటో తీయండి. మన అక్కచెల్లెళ్లు అందులో ఉన్నారో లేదో చూడకుండా ఏ కట్టా గడప దాటకూడదు.