ఇంటర్వ్యూకి ఎవరు ఎదురొచ్చారు?

1991లో నా మొదటి ఇంటర్వ్యూ. విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీలో గుమాస్తా ఉద్యోగం. శుక్రవారం ఉదయం 11 గంటలకు రమ్మని కార్డు వచ్చింది. కార్డు చదవగానే అమ్మ గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్లింది. శుక్రవారం రాహుకాలం 10.30 నుంచి 12 దాకా. ఆమె ముఖంలో రంగు మారింది. టైము మార్చమని కంపెనీవాళ్లను అడగలేం కదా. ఇంట్లో పెద్దలు కూర్చుని ఒక ఉపాయం చెప్పారు. గురువారం సాయంత్రం మంచి ఘడియ చూసి ప్రస్థానం పెట్టేస్తే ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క, ఇక రాహుకాలం అంటదు. నా సర్టిఫికెట్ల సంచికి పసుపు బొట్టు పెట్టి, రెండు వీధుల అవతల నాన్నగారి స్నేహితుడి ఇంట్లో పెట్టి వచ్చాం.

శుక్రవారం పొద్దున 6.30కి వెళ్తే ఆ ఇంటికి తాళం. రాత్రి వాళ్లింట్లో పెద్దాయనకు గుండెనొప్పి వస్తే అందరూ ఆసుపత్రికి పరుగెత్తారని పక్కవాళ్లు చెప్పారు. గంటన్నర ఆ అరుగు మీద కూర్చున్నాను. ఇంకా కూర్చుంటే బస్సు కూడా పోతుందని చివరికి వట్టిచేతులతో బయల్దేరాను. ఇంటర్వ్యూ గదిలో మొదటి ప్రశ్నే ఒరిజినల్స్ గురించి. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. ఏమని చెప్పను? "ఇంట్లో మర్చిపోయాను సార్" అన్నాను. రెండో ప్రశ్న అడగలేదు.

సాయంత్రం ఇంటికొచ్చాక అందరూ ఒకే మాట అన్నారు: "చెప్పానా, రాహుకాలం మంచిది కాదని!" ఉద్యోగం పోయింది సంచి లేక. సంచి తాళం వేసిన ఇంట్లో చిక్కుకుంది రాహుకాలానికి భయపడి. ఆ భయం వల్ల జరిగిన నష్టమే ఆ భయానికి రుజువైపోయింది. ఒక మూఢనమ్మకం తరాల తరబడి ఎలా బతుకుతుందో నాకు అర్థమైంది ఆ సాయంత్రమే.

అంతటితో అయిపోలేదు. ఒక బంధువు "పొద్దున్నే ఎవరైనా ఎదురొచ్చారట్రా?" అని అడిగాడు. అడుగుతూ ఎదురింటి తలుపు వైపు చూశాడు. ఆ ఇంట్లో ఉండేది ముప్పై ఏళ్లు నిండకుండానే భర్తను పోగొట్టుకున్న మనిషి. నేను అత్తయ్యా అని పిలిచేవాణ్ణి. ముందురోజు రాత్రి బొగ్గుల ఇస్త్రీపెట్టెతో నా చొక్కా ఇస్త్రీ చేసి, కాలరు రెండుసార్లు సరిచూసి ఇచ్చింది ఆవిడే. పొద్దున నేను గుమ్మం దిగే వేళకు మాత్రం తలుపు ఓరగా వేసుకుని లోపలే నిలబడిపోయింది. తలుపు సందులోంచి ఆవిడ కొంగు అంచు కనిపించింది నాకు. ఎవరూ ఆవిణ్ణి లోపలికి పొమ్మనలేదు. చెప్పనక్కర్లేకుండానే తప్పుకోవడం ఆవిడకు అలవాటైపోయింది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులు తొలి వితంతు వివాహం జరిపించారు. 110 ఏళ్ల తర్వాత కూడా కృష్ణా జిల్లాలో చదువుకున్న కుర్రాడి ఇంటర్వ్యూ కోసం ఒక మనిషి తలుపు చాటున దాక్కోవలసి వచ్చింది. ఉద్యోగం రానందుకు నేను ఎప్పుడో బాధ పడటం మానేశాను. ఆ కొంగు అంచును మాత్రం ఇప్పటికీ మర్చిపోలేను.

ఈ ముప్పై ఏళ్లలో ఉద్యోగాలు మారాయి, ఇంటర్వ్యూలు మారాయి, ఈ భయాలు మారలేదు. కొన్నేళ్లుగా డిగ్రీ ఆఖరి ఏడాది పిల్లలకు నమూనా ఇంటర్వ్యూలు చేస్తున్నాను. జావా, పైథాన్ నేర్చిన చేతులకే మూడు రంగుల దారాలు. పేరులో ఒక అక్షరం పెంచుకుని, సర్టిఫికెట్‌లో ఒక పేరూ రెజ్యూమేలో మరో పేరూ పెట్టుకొచ్చి చిక్కుల్లో పడ్డవాళ్లను చూశాను. కలిసొచ్చిన చొక్కా అని ఏప్రిల్ ఎండలో మందపాటి ముదురు చొక్కా తొడుక్కుని చెమటతో తడిసి ముద్దై కూర్చున్న అబ్బాయిని చూశాను. వాళ్లను చూసి నవ్వే హక్కు నాకు లేదు. వాళ్ల భయం ఎంత నిజమో నాకు తెలుసు.

ఆ భయాన్ని పట్టుకుని కూర్చున్న రాహువు సంగతి చూద్దాం. ఆకాశంలో రాహువు అనే గోళం లేదు. సూర్యుడు నడిచినట్టు కనిపించే దారినీ చంద్రుడి దారినీ గీసి చూస్తే అవి రెండుచోట్ల ఖండించుకుంటాయి. ఆ రెండు బిందువులకు మనవాళ్లు పెట్టుకున్న పేర్లే రాహుకేతువులు. గ్రహణాలు భూమి నీడవల్ల, చంద్రుడి నీడవల్ల కలుగుతాయని ఆర్యభటుడు 499లోనే రాశాడు. ఇక రాహుకాలం లెక్క ఇంతే: సూర్యోదయం నుంచి అస్తమయం దాకా ఉన్న పగటిని ఎనిమిది భాగాలు చేసి, వారంలో ఒక్కో రోజుకు ఒక్కో భాగం రాహువుకు కేటాయించారు. క్యాలెండర్లలో అచ్చువేసే గంటన్నర, పగలు కచ్చితంగా 12 గంటలుంటేనే సరిపోతుంది. హైదరాబాదులో జూన్ నెల పగలు 13 గంటలు దాటుతుంది, డిసెంబరు చివర 11 గంటల చిల్లరకు దిగుతుంది. అంటే మనం భయపడే గంటన్నర ఆ శాస్త్రం లెక్క ప్రకారమే చాలా రోజులు తప్పు. డాలస్‌లో ఉన్న కంపెనీ వేసవిలో శుక్రవారం ఉదయం 10.30కి వీడియో ఇంటర్వ్యూ పెడితే గుంటూరు కుర్రాడికి రాత్రి 9 గంటలు. క్యాలెండరు లెక్కన అడిగేవాళ్లు రాహుకాలంలో ఉన్నారు, చెప్పేవాడు లేడు. ఉద్యోగం ఎవరి గడియారాన్ని బట్టి రావాలి?

అయినా నమ్మకం ఎందుకు నిలుస్తుంది? 1948లో అమెరికా మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ఒక ప్రయోగం ప్రచురించాడు. ఆకలిగా ఉన్న ఎనిమిది పావురాలను విడివిడిగా పెట్టెల్లో ఉంచి, అవి ఏం చేసినా చేయకపోయినా కొంత కొంత వ్యవధిలో గింజలు అందేలా ఏర్పాటు చేశాడు. గింజలు వచ్చిన క్షణంలో ఏ పని చేస్తున్నాయో ఆ పనివల్లే అవి వచ్చాయన్నట్టు చాలా పావురాలు దాన్నే మళ్లీ మళ్లీ చేయసాగాయి. ఒకటి గిరగిరా తిరిగింది, ఒకటి మూలకు తల ఎత్తి ఎత్తి పెట్టింది. ఎనిమిదింటిలో ఆరు ఇలా ఏదో ఒక తంతు పట్టుకున్నాయి. ఒకసారి నీలం చొక్కా వేసుకుని వెళ్తే ఉద్యోగం వచ్చింది, ఇక జీవితమంతా నీలం చొక్కాయే. మనసు పనిచేసే తీరు అక్కడా ఇక్కడా ఒకటే.

రెండో కారణం, మనకు కనిపించే సాక్ష్యమంతా ఒకవైపుదే. వీసా ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లు హైదరాబాదు దగ్గర చిలుకూరు బాలాజీ గుడిలో 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటారు, కోరిక తీరితే వచ్చి 108 చేస్తారు. ఎప్పుడు వెళ్లినా 108 తిరిగేవాళ్లు గుంపులు గుంపులుగా కనిపిస్తారు. వాళ్లందరికీ పని జరిగింది, నిజమే. 11 తిరిగి, వీసా రాక, మళ్లీ ఆ దారి పట్టనివాళ్లు ఎంతమంది? ఆ లెక్క గుడి ప్రాంగణంలో కనిపించదు. పది పోస్టులకు వెయ్యిమంది మొక్కుకుంటే పదిమంది మొక్కు తీరుతుంది, 990 మంది మౌనంగా ఇంట్లో కూర్చుంటారు. ఎవరూ మొక్కుకోకపోయినా పదిమందికే వస్తుంది.

"పోనీలే, గుప్పెడు ధైర్యం వస్తే నష్టమేముంది?" అని అడిగే మంచివాళ్లున్నారు. ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలి. ఔను, అమ్మ పెట్టిన పెరుగూ పంచదారా తిని, ఆమె చేయి తలమీద పడితే గుండె కుదుటపడుతుంది. అది అమ్మ ప్రేమ వల్ల వచ్చే ధైర్యం, దాన్ని కాదనేవాడెవడు? శకునం ఇచ్చే ధైర్యం అలాంటిది కాదు. మంచి శకునాన్ని నమ్మినవాడు చెడు శకునాన్నీ నమ్మితీరాలి. దారం తెగితే, పిల్లి అడ్డొస్తే, ఎవరో తుమ్మితే అదే నమ్మకం వాణ్ణి గది గుమ్మంలోనే పడగొడుతుంది. అంతకుమించిన నష్టం ఇంకొకటుంది. తప్పు ఎక్కడ జరిగిందో వాడికి ఎప్పటికీ తెలియదు. "టైము బాగాలేదు" అనుకున్నవాడు తాను ఏ ప్రశ్న దగ్గర తడబడ్డాడో వెతకడు. వెతకనివాడు వచ్చేసారీ అక్కడే తడబడతాడు.

శకునం మరుగుపరిచే కారణాలు ఇంకా ఉన్నాయి. ఇంగ్లీషు మీడియంలో చదివినవాడికి ఉన్న చొరవ పల్లె నుంచి వచ్చినవాడికి ఉండదు. సిఫార్సు ఉత్తరం ఒకరి జేబులో ఉంటుంది, ఇంకొకరికి ఉండదు. ఇంటిపేరు, ఊరు అడిగి కులం ఆరా తీసే బోర్డు సభ్యులు ఉన్నారు. పెళ్లెప్పుడని ఆడపిల్లను అడిగేవాళ్లున్నారు. ఇవన్నీ మనుషులు చేసే అన్యాయాలు, మనుషులే సరిచేయగలరు. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూప్-సి, నాన్‌గెజిటెడ్ గ్రూప్-బి పోస్టులకు ఇంటర్వ్యూలు ఎత్తేసింది. తెలంగాణ 2022లో గ్రూప్-1, గ్రూప్-2 నియామకాలకు తీసేసింది. నియమం మారితే వేలమందికి ఒక భయం తప్పింది. గ్రహశాంతితో ఇలాంటిది ఒక్కటైనా జరిగిందా? ఉద్యోగం రాకపోవడం జాతకదోషం అని నమ్మినవాడు ఖాళీలు ఎందుకు భర్తీ చేయరని ఎవరినీ అడగడు. ఉంగరం రాయి మార్చుకుంటాడు.

మొదటిసారి ఇంటర్వ్యూకు వెళ్తున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నేను చెప్పేది ఇది. గుండె దడ, చేతుల్లో చెమట, నోరు ఎండడం దుశ్శకునాలు కావు. ప్రమాదం అనుకున్నప్పుడు శరీరం అడ్రినలిన్ విడుదల చేస్తుంది, గుండె వేగం పెరుగుతుంది, లాలాజలం తగ్గుతుంది. పులి ఎదురైనా ఇంతే, బోర్డు ఎదురైనా ఇంతే. గది బయట కూర్చున్నప్పుడు గాలి మామూలుగా పీల్చి, రెట్టింపు సేపు నెమ్మదిగా వదలండి. వదిలేటప్పుడు గుండె కాస్త నిదానిస్తుంది. నాలుగైదు నిమిషాలు చాలు. ఒక గుక్క నీళ్లు తాగి లోపలికి వెళ్లండి.

ముహూర్తం చూసే సమయాన్ని ముందురోజు ఆ ఆఫీసు ఎక్కడుందో చూసి రావడానికి వాడండి. సర్టిఫికెట్లు పదో తరగతి నుంచి వరసగా పెట్టి, జిరాక్సులు విడిగా పెట్టి, ఆ సంచి మీ తలగడ పక్కనే ఉంచుకోండి. ఇంకెవరింట్లోనూ వద్దు. "మీ గురించి చెప్పండి" అనే ప్రశ్న దాదాపు ప్రతిచోటా వస్తుంది. దానికి జవాబు మనసులో అనుకుంటే సరిపోదు. ఇంట్లో ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టి పదిసార్లు పైకి చెప్పండి. నోటికి అలవాటు లేని మాట గదిలో రాదు. ప్రశ్న వినబడకపోతే మళ్లీ చెప్పమని అడగండి. తెలియనిది తెలియదనండి. ఊహించి చెప్పిన అబద్ధం తర్వాతి ప్రశ్నలో బయటపడుతుంది. మధ్యలో మాట తడబడితే "క్షమించండి, మళ్లీ చెప్తాను" అని మొదలుపెట్టండి. ఎదుట కూర్చున్నవాళ్లూ ఒకనాడు తడబడ్డవాళ్లే.

అన్నిటికంటే ముఖ్యమైంది, ఆ సాయంత్రమే ఒక నోటుపుస్తకం తీసి అడిగిన ప్రశ్నలన్నీ రాయండి. ఏది చెప్పగలిగారు, ఎక్కడ ఆగిపోయారు, ఎందుకు ఆగిపోయారు? మూడు ఇంటర్వ్యూలయ్యేసరికి ఆ పుస్తకం ఏ పంచాంగమూ చెప్పలేని సంగతులు మీకు చెబుతుంది.

నిరుడు మా మేనకోడలు మొదటి ఇంటర్వ్యూకు బయల్దేరింది. శుక్రవారమే. బొగ్గుల పెట్టె పోయి కరెంటు ఇస్త్రీపెట్టె వచ్చిందిగానీ ఎదురింటి అత్తయ్య అలాగే ఉంది, డెబ్బై దాటింది. పిల్ల బయటికి వచ్చే వేళకు ఆవిడ తలుపు దగ్గరికి వేస్తుంటే చూశాను. నేను కదిలేలోపే మేనకోడలు వీధి దాటి వెళ్లి తలుపు తట్టింది. "అమ్మమ్మా, బయటికి రా. నన్ను బస్టాండు మలుపు దాకా దిగబెట్టు" అంది. ఆవిడ గడపలో కాసేపు తటపటాయించింది. తర్వాత చెప్పులు వేసుకుని బయటికి వచ్చింది. ఇద్దరూ వీధి వెంట నడిచి వెళ్లారు.

ఆ ఉద్యోగం రాలేదు. ఆరోజు రాత్రి పిల్ల నోటుపుస్తకంలో ఏడు ప్రశ్నలు రాసుకుంది, రెండింటి పక్కన గుండ్రంగా చుట్టింది. మూడో ఇంటర్వ్యూలో ఉద్యోగం వచ్చింది. మొదటిది పోవడానికి అత్తయ్య ఎదురురావడం కారణం కాదు, మూడోది రావడానికీ కాదు. కానీ ఇప్పుడు మా వీధిలో ఎవరు ఏ పనిమీద బయల్దేరినా ఆ తలుపు తెరిచే ఉంటోంది.